ముచ్చిక తీసే ఒడుపు

గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు పక్కన ఒక గోడౌన్లో నేను కట్టిచ్చిన మిషను మొదటి రోజే నా పరువు తీసింది. ఆరేళ్లయింది. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, తొమ్మిదింటికి స్విచ్చి వేశాం. ఒక పక్క ఎండుమిరపకాయలు పోస్తే రెండో పక్క ముచ్చికలు, అంటే తొడిమలు, ఊడి బయటికి రావాలి. పదకొండు దాకా వచ్చాయి కూడా. ఓనరుగారు మిషను పక్కన నిలబడి ఫొటోలు దిగి బంధువులకి పంపించుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి చూస్తే బెల్టు మీద కాయల్లేవు, తునకలున్నాయి. డ్రమ్ము కింద బెత్తెడు మందాన గింజలు పేరుకున్నాయి. షెడ్డులో ఎవరూ నిలబడలేనంత ఘాటు. కాయ నలిగితే గింజ రాలుతుంది, గింజ రాలితే రేటు రాలుతుంది. ఇది మిర్చి యార్డు దగ్గర టీ అమ్ముకునే కుర్రాడికి కూడా తెలుసు.

స్పీడు తగ్గించాను. బ్లేడ్లకీ డ్రమ్ముకీ మధ్య సందు పెంచాను. సందు పెంచితే ముచ్చిక ఊడదు, తగ్గిస్తే కాయ మిగలదు. గంటన్నర ఈ కుస్తీ. మిషను వస్తోంది కాబట్టి ఆ రోజు పనిలోకి రావద్దని నలభై మంది ఆడవాళ్లకి ముందే చెప్పేశారు. అయినా వాళ్ల ముఠా పెద్దావిడ వచ్చింది, ఊరికే చూసిపోదామని. గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆఖరికి లోపలికొచ్చి, కాయలు పోసే తొట్టిలోంచి గుప్పెడు తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కింది.

"పెళుసెక్కింది అబ్బాయ్. ఇట్టాంటి కాయని మేం ఈ టయాన ముట్టుకోం."

"మరేం చేస్తారమ్మా?"

"కాసిని నీళ్లు చిలకరించి గోతాలు కప్పి పెడతాం. మెత్తబడ్డాక తీస్తాం. పొద్దున కాయ వేరు, మద్దేనం కాయ వేరు."

నాలుగు నెలలు డ్రాయింగులు గీశాను. మోటారుకి ఎన్ని హార్స్‌పవర్లు కావాలో లెక్క కట్టాను, డ్రమ్ము వ్యాసం మూడుసార్లు మార్చాను. కాయని చెవి దగ్గర పెట్టుకుని వినాలన్న సంగతి నా డ్రాయింగుల్లో ఎక్కడా లేదు.

నాది విజయవాడ. ఆటోనగర్లో వంద అడుగుల రోడ్డు వెనక చిన్న షెడ్డు. ఎవరికి ఏ పని మిషను మీద చేయించాలనిపిస్తే దానికి తగిన మిషను కట్టివ్వడం నా వృత్తి. మా వాళ్లం ఎస్పీఎం అంటాం, అంటే ఒక్క పని కోసమే పుట్టిన మిషను. అప్పడాలు వత్తేవి, లారీ కమాను పట్టీలకి బెజ్జాలు వేసేవి, పచ్చడి సీసాలకి మూతలు బిగించేవి చేశాను. కొన్ని ఇప్పటికీ రెండు షిఫ్టులు తిరుగుతున్నాయి. కొన్ని మూలన పడి టార్పాలిన్ కప్పుకుని ఉన్నాయి. ఆ మూలపడ్డవాటన్నిటిదీ ఒకటే జబ్బని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇనుములో లోపం లేదు, మోటారులో లేదు, ప్యానెల్లో లేదు. అంతకుముందు ఆ పనిని చేత్తో చేసిన మనిషిని నేను సరిగ్గా చూడలేదు. అసలు చూడలేదని కాదు. ఫోనుతో వీడియోలు కూడా తీసుకున్నాను. కాకపోతే చెయ్యి ఎలా కదులుతోందో చూశాను. అది ఎక్కడ ఆగుతోందో చూడలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. చేతిపనిని బట్టి మిషను డిజైను చేసేవాడు చెయ్యి ఆగే చోటు వెతకాలి. ఒడుపు అక్కడే ఉంటుంది.

ముచ్చిక తీయడం దగ్గర్నుంచి చూడండి. చిన్న పీటలు వేసుకుని కూర్చుంటారు. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, మూతికీ ముక్కుకీ గుడ్డ. ఎడమచేతిలోకి పది పదిహేను కాయలు తీసుకుని ఒక్క కుదుపు కుదిపితే ముచ్చికలన్నీ ఒకవైపుకి వస్తాయి. ఆ కుదుపు నాకు ఇప్పటికీ రాదు. కుడిచేతి బొటనవేలి గోరు సరిగ్గా ముచ్చిక టోపీ కాయని పట్టుకున్న అంచు దగ్గర ఆనుతుంది. అటువైపు చూపుడువేలు. లాగరు. లాగితే కాయ భుజం చిరిగి గింజ బయటికొస్తుంది. కొంచెం పక్కకి మెలిపెట్టి తోస్తారు, టిక్కుమని ఊడుతుంది. వాచీ పెట్టి లెక్కేశాను. చెయ్యి తిరిగిన మనిషికి నిమిషానికి నలభై, యాభై కాయలు అవుతున్నాయి.

ఇదంతా కదలిక. నా మొదటి మిషను దీన్నే కాపీ కొట్టింది. గోరు బదులు బ్లేడు, బొటనవేలు బదులు రబ్బరు రోలరు. అది పాడైన రోజు రాత్రి ఇంటికొచ్చి, నిద్ర పట్టక, పాత వీడియోలు తీసి స్పీడు నాలుగో వంతుకి తగ్గించి చూశాను. అప్పుడు కనిపించింది. పాతిక ముప్ఫై కాయలకోసారి చెయ్యి ఆగుతోంది. అర సెకను కూడా ఉండదు. ఒకసారి ఆగినప్పుడు తెల్లబారిన తాలు కాయ పక్క గంపలోకి పోతుంది. ఇంకోసారి ఆగి కాయని రెండు వేళ్ల మధ్య వంచుతుంది, తోలులా వంగుతుందా, చిటుక్కుమంటుందా అని. ఇంకోసారి కాయ ముక్కు దాకా వెళ్తుంది, లోపల బూజు పట్టిన కాయకి ఘాటు బదులు మక్కిన వాసన వస్తుంది కాబట్టి. గులకరాయి తగిలినా, గోతం పోగు తగిలినా ఆగుతుంది. ఒక్కోసారి ఏమీ లేకుండానే ఆగుతుంది, చూపు ఒళ్లోకి పోతుంది. అదేమిటో నాకు వీడియో చూస్తే తెలియలేదు, అడిగితే చెప్పారు. ఒళ్లో గింజలు ఎక్కువ పడుతుంటే గోరు గట్టిగా నొక్కుతున్నామని లెక్కట. అప్పుడు కాస్త పట్టు సడలిస్తారు.

ముచ్చిక తీసే పని అని పేరు పెట్టి కిలో లెక్కన కూలి ఇస్తున్నాం. ఆ ఒక్క పేరు కింద తేమ చూడటం ఉంది, గ్రేడింగు ఉంది, బూజు పట్టుకోవడం ఉంది, తన పని తనే సరిదిద్దుకోవడం ఉంది. వీటికి విడిగా కూలి లేదు. కూలి లేదు కాబట్టి పేరూ లేదు. పేరు లేని పని డ్రాయింగులోకి రాదు.

బూజు సంగతి చిన్నదేం కాదు. ఆస్పర్జిల్లస్ జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అందులో బీ1 రకం ఎండుమిర్చిలో కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని యూరప్ సమాఖ్య నిబంధన. మైక్రోగ్రాములండీ, గ్రాములు కూడా కాదు. లాట్‌లో అక్కడక్కడా ఉన్న నాలుగు చెడ్డ కాయలు శాంపిల్లో పడ్డాయంటే మొత్తం సరుకు వెనక్కి రావచ్చు. చేత్తో తీసేటప్పుడు ఆ నాలుగూ ముక్కు దగ్గర ఆగిపోయేవి. నా మిషను వాటిక్కూడా ముచ్చికలు తీసి, తునకలు చేసి, పొడిని లాట్ అంతటికీ సమానంగా పంచిపెట్టింది.

కదలికనే చూడమని మాకు నేర్పింది పాత గురువులు. ఫ్రెడరిక్ టేలర్ 1880ల్లో అమెరికాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో స్టాప్‌వాచీ పట్టుకుని పనిని ముక్కలుగా కోసి కొలవడం మొదలుపెట్టాడు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనిని పట్టుకున్నాడు. ఒక ఇటుక పెట్టడానికి మేస్త్రి చేసే 18 కదలికల్ని నాలుగున్నరకి తెచ్చాడు. నేనీ గిల్‌బ్రెత్‌ని తీసిపారెయ్యను. అతని పని జాగ్రత్తగా చూస్తే నా మాటకే సాక్ష్యం దొరుకుతుంది. ఇటుకలూ మాలూ నడుం ఎత్తులో ఉండేలా పరంజా కట్టాడు, వంగి లేచే పని పోయింది. అది మోత, ఒడుపు కాదు, పోతే మంచిదే. ఇటుక పెట్టాక తాపీతో తట్టి కూర్చోబెట్టడం కూడా మాన్పించాడు. మేస్త్రి చెయ్యి ఆగేది అక్కడే మరి. దాన్ని దండగ అని కొట్టెయ్యలేదు. ఎందుకు తడుతున్నాడో చూసి, మాలు పాకం సరిగ్గా కలిపిస్తే చేత్తో నొక్కినా ఇటుక కూర్చుంటుందని తేల్చాడు. తట్టాల్సిన అవసరాన్ని తీసేశాక తట్టడం తీసేశాడు. తరవాత వచ్చిన శిష్యులు ఈ వరస మర్చిపోయి స్టాప్‌వాచీని మాత్రం భద్రంగా దాచుకున్నారు. చెయ్యి ఆగితే చాలు, అది వృథా సమయం అని ఎర్ర పెన్నుతో గీత.

మేం విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో మంగళగిరి తగులుతుంది. అక్కడ గుంట మగ్గం పక్కన ఒక పావుగంట కూర్చోండి. పడుగులో పోగు తెగిందంటే నేతగాడి కాళ్లు ముందు ఆగుతాయి, కళ్లు తరవాత వెతుకుతాయి. ఎక్కడ తెగిందో చూసి ఆగడు, ఆగాక ఎక్కడ తెగిందో చూస్తాడు. చేతికీ కాలికీ కంటికంటే ముందే తెలుస్తుంది. జపానులో సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు మగ్గాల మీద జీవితమంతా పనిచేసి 1924లో జీ రకం మగ్గం తెచ్చాడు. దాని గొప్పల్లో పెద్దది, పోగు తెగితే తనంతట తాను ఆగిపోవడం. అది ఆగుతుంది కాబట్టి ప్రతి మగ్గం దగ్గరా ఒక మనిషి కళ్లప్పగించి నిలబడక్కర్లేదు, ఒకరే చాలా మగ్గాల్ని చూసుకోవచ్చు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ ఆ హక్కులు కొనుక్కుంది, మగ్గాలు ప్రపంచానికి అమ్మిన దేశం! ఆ కుటుంబమే తరవాత కార్లు చేసింది, పేరు అందరికీ తెలిసిందే. మా ఆటోనగర్లో ఆ కార్ల గేరుబాక్సులు విప్పేవాళ్లలో ఎంతమందికి ఈ మగ్గం కథ తెలుసో మరి.

చేతి కదలికని ఉన్నదున్నట్టు రికార్డు చేస్తే పోలేదా అంటారు. చేసినవాళ్లున్నారు, గెలిచారు కూడా. నార్వేలో ట్రాల్ఫా అనే కంపెనీ ఒంటిచక్రం తోపుడుబండ్లు చేసేది. పెయింటు పనికి మనుషులు దొరక్క 1960ల చివర్లో సొంతంగా ఒక రోబో చేసుకుంది. పెయింటరు దాని చెయ్యి పట్టుకుని ఒకసారి స్ప్రే కొడితే, అది ఆ కదలికని గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ అలాగే కొడుతుంది. నాకు చాలా ఇష్టమైన డిజైను ఇది, ఎందుకంటే చెయ్యి తిరిగిన మనిషిని గురువుగా కూర్చోబెట్టింది. కాని అది నడిచిందంటే ప్రతి బండీ ఒకే కొలతతో, ఒకే చోట, ఒకేలా వేలాడుతుంది కాబట్టి. మిరపకాయకి ఆ బుద్ధి లేదు. ఒక్కటి తిన్నగా, ఒక్కటి కొంకిలా, ఒక్కటి పిడికిట్లో నలిగినట్టు. అదే తేజ రకం, అదే చేను, అదే కల్లం.

అందుకని నేను వెళ్లి కూర్చున్నాను. ముచ్చికలు తియ్యడానికి. పది రోజులు.

మొదటి రోజు సాయంత్రానికి గోరు కింద మంట. పెరుగు రాసుకున్నాను, కొబ్బరినూనె రాసుకున్నాను, ఫలితం లేదు. పెరుగన్నం చెంచాతో తిన్నాను. రెండో రోజు పరధ్యానంలో కన్ను నలుపుకున్నాను. దాని గురించి రాయను, ఆ షెడ్డులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నారు, అది చాలు. నాలుగో రోజు ఒక విచిత్రం జరిగింది. నా చెయ్యి ఆగింది. ఎందుకాగిందో నాకు తెలియదు. కాయని తిప్పి చూశాను, బాగానే ఉంది, రంగు కూడా ఎర్రగా నిగనిగలాడుతోంది. పక్కావిడకి ఇచ్చాను. తుంచింది. లోపల నల్లగా ఉంది. "బరువు తేడా తెలవలా?" అంది. తెలిసిందేమో, నాకు కాదు, వేలికి. ఏదో గుడ్డిగా తగిలిందని కొట్టెయ్యొచ్చు, నేను కూడా అలాగే అనుకున్నాను. తొమ్మిదో రోజుకి అది ఇంకో రెండుసార్లు జరిగింది.

ఇలా కూర్చున్నది నేనొక్కణ్ణే కాదు. జపానులో మాట్సుషిటా కంపెనీ 1985 ప్రాంతాల్లో ఇంట్లో బ్రెడ్డు చేసుకునే మిషను కోసం తంటాలు పడింది. బ్రెడ్డు పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మిషను కలిపిన పిండినీ చేత్తో కలిపిన పిండినీ ఎక్స్‌రేలు కూడా తీసి పోల్చారు, ఏమీ తేలలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో బ్రెడ్డు చేసే పెద్దాయన దగ్గర చేరి పిండి కలపడం నేర్చుకుంది. ఆయన పిండిని సాగదీస్తూనే ఒక మెలి తిప్పుతున్నాడని పట్టుకుంది. మిషను గిన్నె లోపల గట్లలాంటివి పెట్టి ఆ మెలి రప్పించారు. 1987లో మిషను బజారుకొచ్చింది. ఎక్స్‌రేకి దొరకని మెలి అలా చేతికి దొరికింది.

ఇంతవరకూ కథ సాఫీగానే ఉంది. ఆరో రోజు మధ్యాహ్నం అన్నాలు తింటూ ముఠా పెద్దావిడ అడిగిన ప్రశ్నతో అది కాస్తా పక్కకి తిరిగింది.

"ఇయ్యన్నీ నీకు చెప్తన్నాం. నువ్వు పోయి మిషనుకి చెప్తావు. అది నేర్చుకున్నాక మమ్మల్ని ఏడకి పొమ్మంటావు అబ్బాయ్?"

ముద్ద గొంతులో అడ్డం పడింది. సరదాగా అన్నదే, కోపం లేదు. మిగతావాళ్లు మాత్రం తినడం ఆపి నా మొహం చూశారు.

చేతిపని గురించి రాసే పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు, అందులో కొంత మాటల్లో పెట్టలేనిది ఉంటుందని. నిజమే, నా వేలి సంగతి చెప్పానుగా. కాని మాటల్లో పెట్టలేనిదని మనం అనుకునే దాంట్లో సగం, వాళ్లు మాటల్లో పెట్టదలచుకోనిది. నేను డిప్లొమా అయ్యాక ఆటోనగర్లో ఒక క్రాంక్ గ్రైండింగ్ షెడ్డులో చేరాను. మా మేస్త్రి క్రాంక్‌ని మిషను మీద ఎక్కించి, డయలు పెట్టి తిన్నగా కూర్చోబెట్టే సమయానికి సరిగ్గా నన్ను టీకి పంపేవాడు. మూడేళ్లు అక్కడ నేను మోసిన టీలన్నీ ఆ పది నిమిషాల్లో మోసినవే. అప్పుడు ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను. ఆయన దగ్గర ఇల్లు లేదు, పొలం లేదు, ఆ పది నిమిషాలే ఉన్నాయి. వాటిని ఉచితంగా ఇచ్చెయ్యమనడం ఏం న్యాయం?

చేతిపనికి పూజ చేసే రకాన్ని కాదు నేను. ఆ షెడ్డులో పది రోజులు కూర్చున్నవాడెవడూ చెయ్యలేడు. దగ్గు, రాత్రిళ్లు అరచేతుల మంట, చంటిపిల్లని ఎత్తుకోవాలంటే భయం. ఆ ముఠాలో ఒకావిడ కూతురు డిగ్రీ చదువుతోంది. "దాన్ని ఈ గుమ్మం తొక్కనివ్వను" అంది. పోవాల్సిన పని ఇందులో ఉంది, సందేహం లేదు. నా గొడవల్లా ఏది పోవాలి అన్న దగ్గర. కాయని తాకడం, మెలిపెట్టడం, మంట, నేల మీద పదిగంటలు కూర్చోవడం, ఇవి మిషను తీసుకోవాలి. ఆగి తేల్చడం మనిషి దగ్గర ఉండాలి, దానికి పేరుండాలి, దానికి కూలుండాలి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా తలకిందులు. తేల్చే పనిని కెమెరాకి ఇచ్చి, మిషను వదిలేసిన ముచ్చికలు ఏరే పనికి మనుషుల్ని కూర్చోబెడుతున్నారు.

కెమెరా అన్నాను కాబట్టి అదీ చెప్తాను. ఇప్పుడు ఏ కస్టమరు వచ్చినా మొదటి మాట ఏఐ. సార్, కెమెరా పెట్టేస్తే అదే చూసుకుంటుంది కదా. బియ్యం మిల్లుల్లో అలా చూసుకుంటోంది కూడా. బస్తా మీద సార్టెక్స్ అని రాసి ఉండేది అందుకే. కెమెరా నల్లగింజని పట్టుకుంటే గాలి గొట్టం దాన్ని ఉఫ్‌మని పక్కకి తోస్తుంది. అది గెలిచిందంటే నల్లగింజ ఎవరికైనా నల్లగింజే కాబట్టి. మిరపకాయల మీద నేనొక ప్రయోగం చేశాను. కెమెరాకి నేర్పడానికి కాయల ఫొటోలు తీసి, ఒక్కొక్కటీ మంచిదో తాలో చెప్పమని ముగ్గురు ఆడవాళ్లని విడివిడిగా కూర్చోబెట్టాను. చాలా కాయల దగ్గర మూడు రకాల జవాబులు. వీళ్లకే తెలియదన్నమాట అని ఓనరుగారు సంబరపడ్డారు. రెండు రోజులు పోయాక తేలిందేమిటంటే, ముగ్గురూ రైటే. ఒకావిడ పొడి మిల్లుకి వెళ్లే సరుకు అనుకుని చెప్పింది, ఒకావిడ ఎగుమతి సరుకు అనుకుని చెప్పింది, మూడో ఆవిడ "ఎవురికి సార్ ఈ సరుకు?" అని నన్నే అడిగి, నేను జవాబు చెప్పకపోయేసరికి మధ్యరకంగా చెప్పింది. రంగు కోసం కొనేవాడు బ్యాడిగి అడుగుతాడు, ఘాటు కోసం కొనేవాడు తేజ అడుగుతాడు. ఘాటు తీసి అమ్ముకునేవాడికి కాస్త వెలిసిన తేజ ఫరవాలేదు, అదే కాయ ఇంకొకడికి పనికిరాదు. తాలు అన్నది కాయలో లేదు, ఆర్డరులో ఉంది. కెమెరా కాయని చూస్తుంది, ఆర్డరుని చూడదు.

రెండో మిషను గురించి ఎక్కువ చెప్పను, అందులో ఇనుము మామూలు ఇనుమే. ముందు ఒక గదిలాంటి పెట్టె, కాయ అందులో సన్నటి తేమ పట్టి కాసేపు మెత్తబడుతుంది. గోతాలు కప్పడానికి బదులు అన్నమాట, గిల్‌బ్రెత్ మాలు పాకం లాగా. తరవాత జల్లెళ్లు, కాయల్ని లావునిబట్టి వేరు చెయ్యడానికి. తరవాత డ్రమ్ము, పాతదాని వేగంలో మూడో వంతు. డ్రమ్ము కింద గింజలు పడే ట్రే, ఆ ట్రే కింద చిన్న తూకం. గింజ బరువు హద్దు దాటితే మిషను ఆగిపోతుంది. ఆ తూకం నా బుర్రలో పుట్టింది కాదు, వాళ్ల ఒళ్లో పుట్టింది. ఆఖర్న వెలుతురు బాగా ఉన్న బెల్టు, పక్కన కుర్చీలు, ఘాటు లాగేసే ఫ్యాను. అక్కడ మనుషులు ఆగుతారు, చూస్తారు, తీసేస్తారు. బయటికొచ్చిన కాయని మళ్లీ ఆరబెట్టాకే బస్తా కట్టాలి. నిల్వకి 10, 11 శాతం తేమ దాటకూడదు, ముచ్చిక తియ్యడానికి అంతకంటే కాస్త మెత్తగా ఉండాలి. ఈ రెంటి మధ్య తొందరపడితే మనమే బూజు పెంచినట్టు.

నలభై మంది చేసే చోట ఇప్పుడు పద్నాలుగు మంది చేస్తున్నారు. వీళ్లకి రోజు కూలి, కిలో లెక్క లేదు. మిగతా ఇరవయ్యారు మందిలో కొందరు పక్క గోడౌన్లకి వెళ్లారు, కొందరు కోల్డ్ స్టోరేజీల్లో పనికి కుదిరారు. అందరి సంగతీ నేను కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది. ఈ వ్యాసంలో నాకు నచ్చని వాక్యం ఇదొక్కటే, తీసేస్తే మాత్రం మిగతాదంతా అబద్ధమైపోతుంది.

డబ్బు విషయం. రెండో మిషను కొటేషన్లో నేనొక లైను కలిపాను, పని నేర్పినందుకు ఐదుగురికి పది రోజుల రెట్టింపు కూలి అని. ఓనరుగారు దాని మీద వేలు పెట్టి ఆపారు.

"కూలోళ్ల దగ్గర నువ్వు నేర్చుకోడానికి నేను డబ్బులివ్వాలా?"

"నేను కుర్చీలో కూర్చుని నాలుగు నెలలు తప్పు డ్రాయింగులు గీస్తే ఇచ్చారు కదండీ."

నవ్వారు. సగం ఇచ్చారు. మిగతా సగం నేను వేసుకున్నాను. అప్పటినుంచి నా ప్రతి కొటేషన్లో ఆ లైను ఉంటోంది. కొందరు కొట్టేస్తారు, కొందరు బేరమాడతారు. పది రోజులు కూర్చోవడానికి కస్టమరు టైము ఇవ్వడని తోటి డిజైనర్లు అంటారు. నిజమే, ఇవ్వడు. నా మొదటి డ్రమ్ముని ఆటోనగర్లోనే పాత ఇనుముకి వేశాను, కిలో లెక్కన. ఆ చీటీ నా షెడ్డులో గోడకి అంటించి ఉంది, టైము లేదన్న కస్టమరుకి అది చూపిస్తాను.

మొన్న ఫిబ్రవరిలో సర్వీసుకి వెళ్లాను. సీజను మొదలైంది, యార్డు ముందు టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లారీలు బారులు తీరి ఉన్నాయి. గోడౌన్లో ప్యానెల్ దగ్గర ఇప్పుడు నిలబడేది ఆ ముఠా పెద్దావిడే. తేమ చూపించే మీటరు నేను పెట్టిందే. నాబు మీద మాత్రం అంకెలు తీసేసి వాళ్ల మాటలే రాయించాను, పెళుసు, తోలు, మెత్తన అని. మీటరు 12 చూపిస్తోంది, అంటే డ్రమ్ము తిప్పొచ్చు. ఆవిడ గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర నొక్కింది.

"ఇంకో అరగంట" అంది.

ఓనరుగారి అబ్బాయి నా వైపు చూశాడు, మీటరు నాది కాబట్టి. బయట లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. నేను స్క్రూడ్రైవరు తీసి సెన్సరు విప్పాను. దాని మొహం నిండా ఎర్రగా గింజల పొడి, తడికి అట్టకట్టి ఉంది. గుడ్డతో తుడిచి మళ్లీ బిగిస్తే 9 చూపించింది.